ఆ ఊరు ‘ఒకప్పటి’ ఊరు ఎలా అయింది: ఇండియానాలో మెనామినీ స్మారకం

ఇండియానాపొలిస్ నుంచి సౌత్ బెండ్ వైపు 31వ నంబర్ హైవే మీద వెళ్తుంటే ప్లిమత్ అనే చిన్న పట్టణం వస్తుంది. అక్కడ హైవే దిగి నైరుతిగా, ట్విన్ లేక్స్ అనే జంట చెరువుల వైపు కొన్ని మైళ్లు పోతే, పొలాల మధ్య రోడ్డు పక్కన ఒక గ్రానైట్ విగ్రహం కనిపిస్తుంది. దాని కింద రాతి మీద చెక్కిన మాటల సారం ఇది: నాయకుడు మెనామినీకీ, ఆయన వెంట ఉన్న 859 మంది పొటవాటమీలకూ (అమెరికా మూలవాసుల్లో ఒక జాతి) ఇది జ్ఞాపకం. గవర్నర్ డేవిడ్ వాలెస్ ఇచ్చిన అధికారంతో, జనరల్ జాన్ టిప్టన్ నడిపిన దళం 1838 సెప్టెంబర్ 4న వీళ్లను ఈ రిజర్వేషన్ నుంచి, అంటే ఒప్పందం ప్రకారం వాళ్లకే ఉంచిన నేల నుంచి, తరలించింది.

ఇండియానా, ఇల్లినాయ్, మిషిగన్, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో ఇలాంటి గుర్తులు చాలా ఉన్నాయి. కొన్ని లోహపు ఫలకాలు, కొన్ని బండరాళ్లు. ‘ఇక్కడ ఒకప్పుడు పొటవాటమీల ఊరు ఉండేది’ అని ఒక వాక్యం, ఒక సంవత్సరం, పెట్టిన సంఘం పేరు. చికాగో చుట్టుపక్కల, ఇండియానాపొలిస్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు కూడా పిల్లలతో పార్కుకు వెళ్లినప్పుడు వీటి పక్కనుంచే నడుస్తాయి. చదవడానికి అర నిమిషం చాలు. కానీ ఆ అర నిమిషంలో రావలసిన ప్రశ్న ఒకటి రాదు. ఊరు ఉండేది, సరే. ఎందుకు లేకుండా పోయింది?

కరువొచ్చి జనం వలస పోయారా, రోగం వచ్చిందా, యుద్ధంలో ఓడారా? ‘ఒకప్పుడు ఉండేది’ అన్న మాటలో ఇవన్నీ ఇమిడిపోతాయి. ట్విన్ లేక్స్ విషయంలో మాత్రం జవాబు ఊహించుకోనక్కర్లేదు. తేదీలతో, ఎకరాలతో, డాలర్లతో కాగితాల మీదే ఉంది. ఈ ఒక్క ఊరి చిక్కుముడి విప్పి చూస్తే మిగతా ఫలకాలను చదివే పద్ధతి కూడా తెలుస్తుంది.

ముందు పేర్ల సంగతి. మన స్కూలు పుస్తకాల్లో అమెరికా మూలవాసులందర్నీ కలిపి ‘రెడ్ ఇండియన్లు’ అనేవారు. అది వాళ్లు తమకు పెట్టుకున్న పేరు కాదు, పైగా వందల వేర్వేరు జాతులను ఒక్క మాటలో కలిపేస్తుంది. పొటవాటమీలు తమను తాము బొడేవాద్మి అని చెప్పుకుంటారు. నిప్పును కాపాడేవాళ్లు అని ఆ మాటకు చెప్పుకునే అర్థం. ఒజిబ్వే, ఒడావా జాతులతో కలిసి వీళ్లది ‘మూడు నిప్పుల’ కూటమి. అందులో ఆ నిప్పు ఆరకుండా చూసే బాధ్యత వీళ్లది. మిషిగన్ సరస్సు చుట్టూ, ఇప్పటి చికాగో ఉన్న నేలతో సహా, వీళ్ల ఊళ్లుండేవి. వినమాక్, షిప్షెవానా అంటూ ఇండియానా మ్యాపులో కనిపించే ఊళ్ల పేర్లు పొటవాటమీ నాయకులవే.

ఇంకో తికమక. విస్కాన్సిన్‌లో మెనామినీ అనే జాతి ఉంది. ఈ విగ్రహం ఆ జాతిది కాదు. ఇక్కడ మెనామినీ అనేది ఒక పొటవాటమీ నాయకుడి పేరు. ఆయన తన జనంలో మత ప్రబోధకుడు కూడా. సారా ముట్టవద్దని చెప్పేవాడు. తర్వాత క్యాథలిక్ మతం తీసుకున్నాడు. ఊళ్లో దుంగలతో కట్టిన ప్రార్థనాలయం ఉండేది. సారా మానమన్న సంగతిని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ రోజుల్లో ఒప్పందాల సభలకు సారా పీపాలు రావడం మామూలే. పొటవాటమీలతో 1836లో చేసుకున్న ఒప్పందాలకు ‘విస్కీ ఒప్పందాలు’ అన్న పేరే నిలిచిపోయింది.

ఇప్పుడు కాగితాల్లోకి వెళ్దాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఇండియానా 1816లో రాష్ట్రం అయింది. రాష్ట్రం పేరుకే ఇండియన్ల నేల అని అర్థం. 1826లో పొటవాటమీలు మిషిగన్ సరస్సు నుంచి ఒహాయో నది దాకా రోడ్డు వేసుకోవడానికి వంద అడుగుల వెడల్పున ఒక పట్టీ ఇచ్చారు. దాంతో పాటు ప్రతి మైలుకీ ఒక చదరపు మైలు నేల ఇచ్చారు. అదే మిషిగన్ రోడ్డు. ఈ రోడ్డు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి. 1830 మేలో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ తరలింపు చట్టం మీద సంతకం పెట్టాడు. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న జాతుల నేల తీసుకుని, బదులుగా పడమర నేల ఇవ్వడం దాని ఉద్దేశం. చట్టం మాటల్లో అది ‘మార్పిడి’. ఒప్పందం కుదరాలి, అవతలివాళ్లు ఒప్పుకోవాలి. బలవంతంగా పంపమని చట్టంలో రాసి లేదు. అందుకే ఆ తర్వాత పదేళ్లూ సంతకాల వేట నడిచింది.

1832 అక్టోబర్‌లో టిప్పెకనూ నది దగ్గర జరిగిన ఒప్పందాల్లో పొటవాటమీలు ఉత్తర ఇండియానాలో చాలా నేల వదులుకున్నారు. కానీ కొన్ని ఊళ్ల చుట్టూ కొంత నేల తమకే ఉంచుకున్నారు. అలా మెనామినీ, ఇంకో ముగ్గురు నాయకుల జనానికి కలిపి 22 సెక్షన్లు మిగిలాయి. సెక్షన్ అంటే ఒక చదరపు మైలు, 640 ఎకరాలు. మొత్తం 14,080 ఎకరాలు. అందులోనే ట్విన్ లేక్స్ ఊరు. అంటే ఆ నేల మెనామినీ జనం ఆక్రమించుకుని కూర్చున్నది కాదు. అమెరికా ప్రభుత్వమే సంతకం పెట్టి వాళ్లదని ఒప్పుకున్నది.

నాలుగేళ్లు తిరక్కుండానే, 1836 ఆగస్టు 5న, మూలవాసులతో వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఏజెంట్ ఏబెల్ పెప్పర్ ఎల్లో నది దగ్గర ఇంకో ఒప్పందం చేయించాడు. మిగిలిన ముగ్గురు నాయకులూ గుర్తు పెట్టారు. మన దగ్గర చదువు రానివాళ్లు వేలిముద్ర వేసినట్టు అక్కడ పేరు పక్కన అడ్డగీతల గుర్తు పెట్టేవారు. 22 సెక్షన్లకూ కలిపి ధర 14,080 డాలర్లు. ఎకరాల సంఖ్యా డాలర్ల సంఖ్యా ఒకటే అయ్యాయని గమనించారా? ఎకరం సరిగ్గా ఒక్క డాలర్. అప్పట్లో ప్రభుత్వం అదే రకం నేలను జనానికి అమ్మిన కనీస ధర ఎకరం డాలరూ పాతిక సెంట్లు. రెండేళ్లలో ఖాళీ చేయాలన్నది షరతు. కాగితం మీద మెనామినీ గుర్తు లేదు.

ఇక్కడ కాసేపు ఆగాలి. తర్వాత జరిగిందంతా ఈ ఖాళీ మీదే ఆధారపడింది. ప్రభుత్వం వాదన: నేల నలుగురికీ ఉమ్మడి, ముగ్గురు ఒప్పుకున్నారు, డబ్బు కట్టాం, ఒప్పందం చెల్లుతుంది. మెనామినీ వాదన: నేను సంతకం పెట్టలేదు, నా జనం ఒప్పుకోలేదు, ఈ నేల నాది. ఉమ్మడి ఆస్తిలో ముగ్గురు అన్నదమ్ములు సంతకం పెడితే నాలుగో వాడి వాటా కూడా పోతుందా అని మన పల్లెటూరి రచ్చబండ మీద అడిగినా దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోరు. పైగా అమ్మిన ముగ్గురూ మెనామినీ ఊరికి పెద్దలు కారు. ఆ ఊరి తరఫున మాట్లాడే అధికారం వాళ్లకు ఎవరిచ్చారు? పొటవాటమీలలో ఏ ఊరి నాయకుడు ఆ ఊరికే. అందరి మీద పెత్తనం చేసే ఒక్క రాజు ఎప్పుడూ లేడు. ప్రభుత్వం మాత్రం ఎవరు దొరికితే వాళ్లతో కాగితం రాయించుకుని, అది అందరికీ కట్టుబాటని అనేది. నా దృష్టిలో మొత్తం కథలో అసలు అన్యాయం ఇదే. తుపాకులు వచ్చింది దీని తర్వాతే.

మెనామినీ ఊరుకోలేదు. ఆయన జనం, వాళ్ల యువ పాదిరీ బెంజమిన్ పెటీ వాషింగ్టన్‌కు అర్జీలు పంపారు. పెటీ ఫ్రాన్స్‌లోని రెన్ పట్టణంలో పుట్టినవాడు, పాదిరీ కాకముందు లాయరు. కాబట్టి కాగితాల లోపం ఎక్కడుందో ఆయనకు బాగా తెలుసు. అర్జీలకు ఫలితం రాలేదు.

ఇంతలో 1838 జూన్‌లో ఇంకో చట్టం వచ్చింది. ప్రభుత్వ నేలలో ఇప్పటికే కాపురం పెట్టినవాళ్లు 160 ఎకరాల దాకా కనీస ధరకు ముందుగా కొనుక్కోవచ్చని. ఈ చట్టంలో పొటవాటమీల ఊసే లేదు. కానీ దాని ప్రభావం వాళ్ల మీదే పడింది. 1836 ఒప్పందం ప్రకారం ఊరు ఖాళీ చేయాల్సిన గడువు 1838 ఆగస్టు 5. ఆ రోజు దాటితే మెనామినీ నేల కూడా ‘ప్రభుత్వ నేల’ అవుతుందని లెక్కేసుకుని తెల్లవాళ్లు ముందే వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఊరివాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. గొడవ కాక ఏమవుతుంది? ఒక వలసదారు ఇంటి తలుపు గొడ్డలితో నరికారు. బదులుగా పొటవాటమీల ఇళ్లు తగలబెట్టారు. ప్రాణభయం ఉందంటూ వలసదారులు గవర్నర్‌కు మొరపెట్టుకున్నారు. గవర్నర్ వాలెస్ వంద మంది వాలంటీర్లను తీసుకెళ్లమని టిప్టన్‌కు అధికారమిచ్చాడు.

టిప్టన్ అప్పటికి ఇండియానా నుంచి అమెరికా సెనేటరు. అంతకుముందు ఇదే ప్రాంతంలో ఇండియన్ ఏజెంటుగా పనిచేశాడు. అంటే ఈ జనం, ఈ నేల ఆయనకు కొత్త కాదు. ఆగస్టు 30న ఆయన దళం హఠాత్తుగా ట్విన్ లేక్స్ వచ్చి ఊరిని చుట్టుముట్టింది. చుట్టుపక్కల పొటవాటమీ ఊళ్లకు కూడా మనుషులను పంపి అక్కడున్నవాళ్లనూ పోగు చేశారు. అందరి లెక్కా రాసుకున్నారు. సెప్టెంబర్ 4న 859 మందిని నడిపించడం మొదలుపెట్టారు. మెనామినీని, ఇంకో ఇద్దరు నాయకులనూ కాపలా పెట్టి బండిలో బంధించి తీసుకెళ్లారు.

వాళ్లు నడిచింది ఏ దారిన? మిషిగన్ రోడ్డు మీద. పన్నెండేళ్ల క్రితం వాళ్లే నేలిచ్చిన రోడ్డు. రోచెస్టర్ ఊరి మధ్యగా, లోగన్స్‌పోర్ట్ దాకా.

ఆ ఏడాది వానల్లేవు. వాగులు ఎండిపోయాయి, తాగడానికి నీళ్లు దొరకడమే కష్టం. టైఫాయిడ్ జ్వరాలు పట్టుకున్నాయి. ప్రయాణం రెండో రోజుకే ఒక పసిబిడ్డ చనిపోయింది. తర్వాత దాదాపు ప్రతి మజిలీలోనూ చావే. ఇవి ఊహలు కావు. తరలింపు అధికారులే రోజువారీ డైరీ రాయించారు. ఇవాళ ఎన్ని మైళ్లు నడిచాం, నీళ్లు దొరికాయా, ఎంతమంది జబ్బుపడ్డారు, ఎవరు చనిపోయారు. చాలా చోట్ల ఆ పద్దు ‘ఒక బిడ్డ చనిపోయింది’ అని మాత్రమే ఉంటుంది. పేరుండదు. పెటీకి బిషప్ మొదట అనుమతి ఇవ్వలేదు. ఇచ్చాక ఆయన బయల్దేరి సెప్టెంబర్ 16న ఇల్లినాయ్‌లోని డాన్‌విల్ దగ్గర వీళ్లను కలుసుకున్నాడు. దుమ్ములో, ఎండలో, రెండు వైపులా సిపాయిల మధ్య తన జనం నడుస్తున్న దృశ్యం ఆయన ఉత్తరాల్లో ఉంది.

61 రోజులు, 660 మైళ్లు. నాలుగు రాష్ట్రాల మీదుగా నవంబర్ 4న ఇప్పటి కాన్సాస్‌లోని ఒసవాటమీ దగ్గరికి చేరారు. వచ్చేది చలికాలం. ఇస్తామన్న ఇళ్లు లేవు. బయల్దేరిన 859 మందిలో చేరినవాళ్లు 756 మంది. నలభై మందికి పైగా దారిలో పోయారు, వాళ్లలో ఎక్కువ మంది పిల్లలు. మిగిలినవాళ్లు తప్పించుకున్నారు. తిరుగు ప్రయాణంలో పెటీ సెయింట్ లూయిస్‌లో జబ్బుతో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 27. మెనామినీ 1841లో కాన్సాస్‌లోనే కన్నుమూశాడు, ట్విన్ లేక్స్ మళ్లీ చూడలేదు. ఈ దారికి మృత్యుబాట అని పేరు.

ట్విన్ లేక్స్ ‘ఒకప్పటి ఊరు’ అయింది ఇలా.

ఇక రాయి సంగతి. ప్లిమత్ నుంచి ఎన్నికైన డేనియల్ మెక్‌డొనాల్డ్ అనే శాసనసభ్యుడు 1905లో ఈ స్మారకం కోసం బిల్లు పెట్టాడు. అది నెగ్గలేదు. మళ్లీ ప్రయత్నించి 1907లో 2,500 డాలర్లు మంజూరు చేయించాడు. 1909 సెప్టెంబర్ 4న, సరిగ్గా 71 ఏళ్లకు, విగ్రహం ఆవిష్కరించారు. తరలించిన రాష్ట్రమే, తరలించినవాళ్ల పేర్లతో సహా, సొంత డబ్బుతో చెక్కించిన రాయి ఇది. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు.

దాని విలువ తెలియాలంటే వేరే ఫలకాల పక్కన పెట్టి చూడాలి. చాలా వాటి మీద వాక్యం ‘1838లో పొటవాటమీలు పడమరకు తరలించబడ్డారు’ అన్నట్టు ఉంటుంది. చేసినవాడు వాక్యంలోంచి జారుకుంటాడు. ఇంకొన్ని అయితే ‘వెళ్లిపోయారు’ అని సరిపెడతాయి. మన భాషలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. తరలివెళ్లారు, తరలించారు. రెండూ ఒకే ధాతువు. కానీ మొదటిదానిలో వాళ్లంతట వాళ్లే లేచి వెళ్లినట్టు ఉంటుంది. రెండోది అనగానే ‘ఎవరు?’ అని వినేవాడు అడుగుతాడు. తెలుగులో ‘బడు’ చేర్చి కర్తను దాచేస్తే వాక్యం చెవికే అతకదు. మెనామినీ రాయి మీద కర్త ఉన్నాడు. గవర్నర్ పేరుంది, జనరల్ పేరుంది, సైన్యం అన్న మాట ఉంది. రిజర్వేషన్ అన్న మాట కూడా ఉంది. అంటే ఆ నేల వాళ్లదని ఒప్పుకున్నట్టే.

అయినా ఆ రాయి అన్నీ చెప్పదు. ‘ఆయన వెంట ఉన్న 859 మంది’ అనడం సరిగ్గా లేదు. వాళ్లందరూ మెనామినీ ఊరివాళ్లు కారు. చుట్టుపక్కల ఊళ్లనుంచి పోగుచేసిన జనం కూడా అందులో ఉన్నారు. అంటే ఆ వారంలో ఖాళీ అయింది ఒక్క ఊరు కాదు. 1836 ఒప్పందం గురించి, లేని సంతకం గురించి రాయి మీద మాట లేదు. చనిపోయిన పిల్లల గురించీ లేదు. ఇంకో పక్కన పేర్లు మాత్రం చాలానే ఉన్నాయి: అప్పటి గవర్నర్, చట్టం తెచ్చిన సభ్యుడు, ముగ్గురు ట్రస్టీలు, ఆఖరికి స్థలం దానం చేసిన జాన్ మెక్‌ఫార్లిన్. మన ఊళ్లలో శిలాఫలకాలు చదివినవాళ్లకు ఇది తెలిసిన తీరే. కట్టించినవాళ్ల పేర్లు ఆరు, పోగొట్టుకున్న 859 మందిలో పేరున్నవాడు ఒక్కడు.

ఆ స్థలదానం దగ్గర నాకు మనసు ఆగిపోతుంది. ఒప్పందం ప్రకారం మెనామినీ జనానిదైన నేలలో, ఆయన విగ్రహం నిలబెట్టడానికి ఇంకొకరు చోటు దానం చేయాల్సి వచ్చింది.

‘ఒకప్పటి’ అన్న మాటలో ఇంకో తిరకాసు ఉంది. అది ఊరికి మాత్రమే చెందిన మాట. కానీ చదివేవాళ్లు దాన్ని జనానికి కూడా అంటగడతారు. ఊరు పోయింది కాబట్టి జాతి కూడా పోయిందనుకుంటారు. నిజానికి 1909లో విగ్రహం మీది తెర తొలగించిన అమ్మాయి పొటవాటమీయే, పొకాగాన్ కుటుంబానికి చెందినది. నాయకుడు లియొపోల్డ్ పొకాగాన్ 1833 చికాగో ఒప్పందంలో తన జనం మిషిగన్‌లోనే ఉండేలా పట్టుబట్టి సాధించాడు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఇండియానా సరిహద్దు దగ్గరే ఉన్నారు. 1994లో కేంద్ర ప్రభుత్వం ఆ జాతి ప్రభుత్వాన్ని మళ్లీ గుర్తించింది. ఇలాంటి పొటవాటమీ జాతి ప్రభుత్వాలు ఇంకా ఉన్నాయి: కాన్సాస్‌లో ప్రెయిరీ బ్యాండ్, ఓక్లహోమాలో సిటిజన్ పొటవాటమీ నేషన్, విస్కాన్సిన్‌లో ఫారెస్ట్ కౌంటీ పొటవాటమీ, మిషిగన్‌లో ఇంకో మూడు. కెనడాలోనూ ఉన్నారు, తరలింపు రోజుల్లో సరిహద్దు దాటి వెళ్లినవాళ్ల సంతానం. వాళ్లకు ఎన్నికలున్నాయి, కోర్టులున్నాయి, భాష నేర్పే తరగతులున్నాయి.

ఇల్లినాయ్‌లో షాబెనే అనే నాయకుడి ఊరి సంగతి చూడండి. 1829 ఒప్పందం ఆయనకు 1,280 ఎకరాలు ఇచ్చింది. ఆయన కాన్సాస్‌లో ఉన్న తన వాళ్లను చూడ్డానికి వెళ్లినప్పుడు, నేల వదిలేసి పోయాడని చెప్పి 1849లో ప్రభుత్వం దాన్ని వేలంలో అమ్మేసింది. ఆయన వారసులైన ప్రెయిరీ బ్యాండ్ వాళ్లు ఆ నేలలో కొంత తిరిగి కొనుక్కున్నారు. 2024 ఏప్రిల్‌లో అందులో 130 ఎకరాలను కేంద్ర ప్రభుత్వం జాతి తరఫున ట్రస్టులోకి తీసుకుంది. ఇల్లినాయ్‌లో ఇప్పుడు కేంద్రం గుర్తించిన జాతి నేల అదొక్కటే. 175 ఏళ్ల పాటు ‘ఒకప్పటిది’ అనిపించుకున్న చోటు అది.

1909 తర్వాత మృత్యుబాట పొడవునా ఎనభైకి పైగా గుర్తులు వెలిశాయి. ఒక్కో మజిలీ చోట ఒక్కోటి. వాటిలో చాలావాటిని పెద్ద ప్రభుత్వ శాఖలు పెట్టలేదు. స్థానిక చరిత్ర సంఘాలు, స్కౌట్ పిల్లలు, చర్చిలు, పొటవాటమీ కుటుంబాలు పెట్టాయి. 1994లో నాలుగు రాష్ట్రాల శాసనసభలూ దీన్ని ప్రాంతీయ చారిత్రక మార్గంగా ప్రకటించాయి. 1988 నుంచి ఐదేళ్లకోసారి అప్పటి జనం వారసులు కార్లలో ఇదే దారిన ప్రయాణిస్తారు. గుర్తుల దగ్గర ఆగుతారు.

ఆ దారి చివర, కాన్సాస్‌లోని షుగర్ క్రీక్ దగ్గర ఏడు చెక్క శిలువలున్నాయి. పొటవాటమీలు 1839 నుంచి దాదాపు పదేళ్లు అక్కడే ఉన్నారు. ఆ కాలంలో అక్కడ చనిపోయినవాళ్లు ఆరు వందల మందికి పైగా. శిలువల మీద వాళ్ల పేర్లున్నాయి, వరసగా, ఒక్కొక్కటీ.